ఇంట్లో ప్యాకెట్లు మానేద్దామనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి?

పటమట_అమ్మ
జూన్ 8, రాత్రి 10:47

అందరికీ నమస్కారం. మాది విజయవాడ, పటమట. ఇంట్లో నలుగురం: నేను, మావారు, మా అత్తగారు, నాలుగో తరగతికి వెళ్లబోతున్న మా బాబు. నా ఆఫీసు గవర్నర్‌పేటలో. సాయంత్రం ఇంటికి చేరేసరికి ఆరున్నర. బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఏడు.

పోయిన నెల మావారికి బీపీ 150/96 ఉందని తేలింది. డాక్టరు గారు మందు రాసి, ఉప్పు తగ్గించండి, ప్యాకెట్ తిండి తగ్గించండి అన్నారు. మేం అవి పెద్దగా తినం కదా అనుకుంటూ ఇంటికొచ్చాను. ఇవాళ వంటింటి అలమర సర్దుదామని అన్నీ తీసి నేల మీద పెట్టాను. బిస్కట్లు నాలుగు రకాలు, చిప్స్, నూడుల్స్, బ్రెడ్, జామ్, టమాటా సాస్, పొద్దున పాలల్లో పోసే మొక్కజొన్న రేకులు, బాబు తాగే చాక్లెట్ పొడి, రెడీమేడ్ సూప్ సాచెట్లు, ఫ్రీజర్లో పరాఠాలు. లెక్కపెడితే మొత్తం 27. పక్కనే కందిపప్పు డబ్బా అడుగంటి ఉంది. అది చూసి చాలా బాధేసింది. మా అమ్మ వంటింట్లో ప్యాకెట్ అంటే టీపొడి, ఉప్పు, అంతే.

12న బడి తెరుస్తారు. ఆ రోజుకి ఇవన్నీ ఇంట్లోంచి పంపేయాలని ఉంది. మీలో ఎవరైనా ఇలా మారి ఉంటే ఎక్కడ మొదలుపెట్టారో చెప్పండి.

---

కొర్రల_ప్రేమి
జూన్ 8, రాత్రి 11:20

మంచి నిర్ణయం అక్కా. ఆలోచించకుండా రేపే అన్నీ తీసేయండి. ప్యాకెట్లతో పాటు బియ్యం, గోధుమ కూడా ఆపేయండి. కొర్రలు, అండుకొర్రలు, సామలు, అరికలు, ఊదలు. ఈ అయిదూ మార్చి మార్చి వండుకుంటే చాలు. నేను మొదలుపెట్టి ఏడాదిన్నర అయింది. పదకొండు కిలోలు తగ్గాను, మోకాళ్ల నొప్పి తగ్గింది. రాత్రంతా నానబెట్టి వండండి, లేకపోతే అరగదు.

---

నర్సు_అక్క
జూన్ 9, ఉదయం 6:05

నైట్ డ్యూటీ దిగి రాస్తున్నాను. గుంటూరులో ఒక ఆసుపత్రి మెడికల్ వార్డులో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్నాను.

పటమట అమ్మగారూ, దయచేసి ఒక్క రోజులో అన్నీ మార్చకండి. పీచు తక్కువ తినే కడుపుకి ఒక్కసారిగా పప్పులు, చిరుధాన్యాలు, పచ్చి కూరలు పెడితే ఉబ్బరం, గ్యాస్, పిల్లలకి కడుపునొప్పి. వారంలోగా ఇంట్లో వాళ్లే ఎదురు తిరుగుతారు. మెల్లగా పెంచండి, నీళ్లు కూడా ఎక్కువ తాగించండి.

ఏది మానాలో ముందు తేల్చుకోవాలి. బ్రెజిల్‌లో సావో పాలో యూనివర్సిటీకి చెందిన కార్లోస్ మొంతెయిరో బృందం ఆహారాన్ని నాలుగు గుంపులు చేసింది. దాన్ని నోవా పద్ధతి అంటారు. బియ్యం, పప్పు, కూరగాయ, గుడ్డు, పాలు ఒక గుంపు. నూనె, బెల్లం, ఉప్పు లాంటి వంట సరుకులు రెండోది. ఈ రెండూ కలిపి తయారుచేసే ఊరగాయల్లాంటివి మూడోది. మన వంటింట్లో ఎప్పుడూ కనిపించని పదార్థాలు, రంగులు, రుచి పెంచేవి, చిక్కబరిచేవి కలిపి ఫ్యాక్టరీలో చేసేది నాలుగోది. మీ 27 ప్యాకెట్లలో ఎక్కువ భాగం ఈ నాలుగో గుంపే. ఇడ్లీ పిండి పులియబెట్టడమూ ప్రాసెసింగే, పాలు తోడుపెట్టడమూ ప్రాసెసింగే. వాటికి భయపడక్కర్లేదు.

ఈ నాలుగో గుంపు మీద అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌లో కెవిన్ హాల్ బృందం చేసిన ప్రయోగం ఒకటి 2019లో వచ్చింది. 20 మందిని అక్కడే ఉంచుకుని రెండు వారాలు ఆ తిండి, రెండు వారాలు మామూలు తిండి పెట్టారు. వాళ్ల ముందు పెట్టిన భోజనంలో కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు, ఉప్పు రెండు వైపులా సమానంగా ఉండేలా చూశారు. ఎంత కావాలంటే అంత తినమన్నారు. ఫ్యాక్టరీ తిండి ఉన్న రోజుల్లో వాళ్లు రోజుకి దాదాపు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, సుమారు 0.9 కిలో బరువు పెరిగారు. మామూలు తిండి మీద అంతే బరువు తగ్గారు. ఆ తిండి తినే వేగం కూడా ఎక్కువగా ఉందని చూశారు. మెత్తగా ఉండేది నమలకుండానే లోపలికి వెళ్లిపోతుంది కదా.

మీరు చేయాల్సింది ఒకటుంది. ఒక వారం పాటు ఏ ప్యాకెట్ ఏ టైముకి, ఎవరు తెరిచారో రాయండి. తీసేయడం తర్వాత చూద్దాం.

---

చద్దన్నం
జూన్ 9, ఉదయం 9:32

నాకు డెబ్బై ఒకటి. బాపట్ల పక్కన పల్లెలో వ్యవసాయం చేసి ఇప్పుడు గుంటూరులో పిల్లల దగ్గర ఉంటున్నాను.

నర్సు అమ్మాయి రాసింది చదివాక మన కోస్తా సంగతి ఒకటి చెప్పాలనిపించింది. పొట్టు తీసిన తిండి తిని జబ్బు పడటం మన ప్రాంతానికి కొత్త కాదు. వందేళ్ల కిందట బెరిబెరి అనే జబ్బు మన దేశంలో ఎక్కువగా కనపడింది మన సర్కారు జిల్లాల్లోనే, అంటే ఈ కోస్తా జిల్లాల్లోనే. కాళ్లు తిమ్మిరెక్కడం, నీరు పట్టడం, గుండె బలహీనపడటం. కారణం తెల్లగా మర పట్టిన పచ్చి బియ్యం. తవుడుతో పాటు బి1 విటమిన్ పోయేది. వడ్లు ఉడకబెట్టి ఆడించే ఉప్పుడు బియ్యం తినే చోట ఆ విటమిన్ గింజలోకి దిగి నిలిచేది కాబట్టి ఆ జబ్బు అంతగా లేదు. దాని మీద పరిశోధనకి మెకారిసన్ అనే డాక్టరు 1918లో కూనూరులో చిన్న విభాగం పెట్టాడు. అదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాద్‌కి వచ్చింది. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అదే. మన అన్నం గిన్నెలోంచే ఆ సంస్థ పుట్టిందని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

మనం తినే సాంబ మసూరి, అదే బీపీటీ 5204, బాపట్ల పరిశోధన కేంద్రంలో తయారై 1986లో వచ్చింది. బీపీటీ అంటేనే బాపట్ల. ఆ వడ్లు నేనూ పండించాను. గింజలో లోపం ఏమీ లేదు, మిల్లులో మనం అడిగే తెలుపుతోనే వచ్చింది చిక్కంతా. సింగిల్ పాలిష్ అని అడగండి, ఇస్తారు. గంట ముందు నానబెట్టండి, నీళ్లు ఒకటికి రెండున్నర పోయండి. తవుడులో నూనె ఉంటుంది కాబట్టి ఎక్కువ రోజులుంటే ముక్కిన వాసన వస్తుంది. నెలకి సరిపడా మాత్రమే తెచ్చుకోండి. మొదట తెల్ల బియ్యంలో మూడో వంతు కలపండి. పిల్లవాడికి తేడా తెలియదు.

---

హాస్టల్_312
జూన్ 9, మధ్యాహ్నం 1:15

అన్నలూ అక్కలూ, నాదో చిన్న ప్రశ్న. గుంటూరులో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను. స్టవ్ పెట్టనివ్వరు, కెటిల్ మాత్రం ఉంది. మెస్‌లో రాత్రి భోజనం ఎనిమిదికి. క్లాసులు అయ్యేసరికి అయిదు. ఆ మధ్యలో ఆకలి తట్టుకోలేక రోజూ కప్పు నూడుల్స్, క్రీమ్ బిస్కట్లు. ఇంట్లో వండుకునేవాళ్లు మారగలరు. మాలాంటి వాళ్లం ఏం చేయాలి?

---

నర్సు_అక్క
జూన్ 9, సాయంత్రం 5:40

తమ్ముడూ, నీకు స్టవ్ అక్కర్లేదు. లావు అటుకులు కడిగి, నీళ్లు పిండేసి, పెరుగు కలుపు. నాలుగు వేయించిన వేరుశనగ గుళ్లు, ఉల్లిపాయ ముక్కలు వేసుకో. అయిదు నిమిషాలు. పొద్దున క్లాసుకి వెళ్లేముందు గుప్పెడు పెసలు నీళ్లలో వేసి వెళ్తే సాయంత్రానికి మెత్తబడి ఉంటాయి. నీళ్లు మాత్రం మంచివై ఉండాలి, తినేముందు మళ్లీ కడుక్కో. కెటిల్లో గుడ్లు ఉడుకుతాయి, నీళ్లు మరిగాక పది పన్నెండు నిమిషాలు మూత తీయకు. కర్పూర అరటిపళ్లు ఒక అత్తం తెచ్చి కిటికీ దగ్గర వేలాడదీసుకో. చదువుకునే పిల్లలు ఆకలి చంపుకోకూడదు నాన్నా, ఆకలికి ఏదో ఒకటి సిద్ధంగా ఉండాలి.

---

బ్రాడీపేట_4/7
జూన్ 9, రాత్రి 9:58

లేబుల్ సంగతి నేను చెబుతాను. పదార్థాల జాబితాలో బరువు ఎక్కువ ఉన్నది ముందు రాయాలి, తక్కువ ఉన్నది చివర. ఇది రూలు. మా ఇంట్లో ఆరోగ్యానికని రెండేళ్లు బ్రౌన్ బ్రెడ్ తిన్నాం. ఒకరోజు కళ్లద్దాలు పెట్టుకుని వెనక చదివాను. మొదటి పేరు రిఫైన్డ్ వీట్ ఫ్లోర్, అంటే మైదా. గోధుమపిండి తర్వాత ఎక్కడో ఉంది. చివర్లో 150ఎ అని రంగు నంబరు, అంటే కారమెల్. ఆ గోధుమ రంగు పిండిది కాదు, కలిపిన రంగుది. అమ్మకి ఆ ముక్కలు ఎంత శ్రద్ధగా కాల్చి పెట్టేవాడినో గుర్తొచ్చి కోపం వచ్చింది.

ఇంకొకటి. మీవారికి బీపీ అన్నారు కాబట్టి, లేబుల్ మీద ఉప్పు అని ఉండదు, సోడియం అని ఉంటుంది. దాన్ని రెండున్నరతో హెచ్చవేస్తే ఉప్పు ఎంతో తెలుస్తుంది. సోడియం 1,000 మిల్లీగ్రాములు ఉంటే రెండున్నర గ్రాముల ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి రోజుకి 5 గ్రాముల లోపే ఉండాలంటుంది. ఒక్క ప్యాకెట్‌లో సగం అయిపోతుంది. ఆ లెక్కన మన ఆవకాయ బద్ద కూడా చూసుకోవాల్సిందే. ఇంట్లో పెట్టిందైనా ఉప్పు ఉప్పే.

---

పటమట_అమ్మ
జూన్ 18, రాత్రి 10:12

నర్సు అక్కా, మీరు చెప్పినట్టే ఫ్రిజ్ మీద కాగితం అంటించి వారం రాశాను. చూసి ఆశ్చర్యపోయాను. వారంలో 19 సార్లు ప్యాకెట్ తెరిచాం. అందులో 14 సార్లు సాయంత్రం నాలుగున్నర నుంచి ఏడున్నర మధ్యే. పొద్దున టిఫిన్ మాది దాదాపు సరిగానే ఉంది, ఇడ్లీ, దోశ, ఉప్మా. మధ్యాహ్నం అన్నం, పప్పు, కూర. బాబు బడి నుంచి రావడం, నేను ఆఫీసు నుంచి రావడం, ఈ రెంటి మధ్య ఉన్న మూడు గంటలే మా ఇంటి గొడవంతా. వంటిల్లు ఖాళీగా ఉండే టైము అది. ప్యాకెట్ ఆ ఖాళీలోకి వచ్చి కూర్చుంది.

ఇంకో బాధ కూడా చెప్పుకుంటాను. నేను బిస్కట్లు కొనడం మానేస్తే మా అత్తగారు కింద కొట్టులో కొని బాబుకి పెడుతున్నారు. నేను వచ్చేసరికి కవరు చెత్తబుట్టలో అడుగున ఉంటోంది. ఆవిడని ఏమైనా అనాలంటే మనసు రాదు. అనకుండా ఉంటే నా ప్రయత్నం సాగదు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

---

కృష్ణలంక_గట్టు
జూన్ 19, ఉదయం 7:44

అమ్మా, నేను అత్తగారినే. అరవై ఎనిమిదేళ్లు. నా మనవరాలు ఫోన్లో టైప్ చేయడం నేర్పింది. మీ అత్తగారి తరఫున నేను రాస్తున్నాను.

పిల్లవాడు బడి నుంచి వచ్చి సంచీ పడేసి మొదట నా దగ్గరికే వస్తాడు. నా చెయ్యి వైపు చూస్తాడు. ఆ చేతిలో ఏదో ఒకటి ఉండాలి. లేకపోతే ఎదురుగా ఉన్న టీవీ దగ్గరికి వెళ్లిపోతాడు. ఆ రెండు నిమిషాల కోసమే నేను పగలంతా ఎదురుచూస్తాను. బిస్కట్ అనేది నాకు తిండి కాదు, వాడు నా దగ్గరికి వచ్చే దారి. మీ అత్తగారు కవరు చెత్తబుట్ట అడుగున దాస్తున్నారంటే ఆవిడకీ మనసులో ముల్లు ఉన్నట్టే.

ఆవిడ చేతిలోంచి ప్యాకెట్ లాక్కోకు తల్లీ, ఆ చేతికి ఇంకొకటి ఇవ్వు. ఆవిడ వచ్చిన కొత్తలో సున్నుండలు చుట్టే ఉంటారు. పొట్టు మినపగుళ్లు దోరగా వేయించడం ఆవిడకి తెలిసినట్టు మనకెవరికీ తెలియదు. సాయంత్రం పెట్టే బాధ్యత ఆవిడదే అని చెప్పు, ఏం పెట్టాలో ఆవిడనే అడుగు. కాకపోతే ఆవిడ మోకాళ్లు, నడుము చూసుకో. పొయ్యి దగ్గర అరగంట నిలబడలేకపోతే స్టూలు వెయ్యి. పిండి నువ్వు ఆడించి పెట్టు. మా ఇంట్లో పని నా మీద వేసి, మెచ్చుకోలు ఇంకెవరికో ఇచ్చినప్పుడు నాకు ఎంత కష్టంగా ఉండేదో నాకు తెలుసు.

---

పటమట_అమ్మ
జూన్ 19, రాత్రి 11:03

అమ్మా, మీరు రాసింది చదివి ఏడ్చాను. రేపు శనివారం. ఆవిడతో కూర్చుని మాట్లాడతాను.

---

కొర్రల_ప్రేమి
జూన్ 20, ఉదయం 8:10

అమ్మగారు బాగా చెప్పారు. నాదొక మాట. సున్నుండల్లో పంచదార కాకుండా బెల్లం వేయండి. నూనె గానుగది వాడండి, ఉప్పు బదులు సైంధవ లవణం వేయండి. అన్నీ సహజంగా ఉంటాయి.

---

నర్సు_అక్క
జూన్ 20, మధ్యాహ్నం 2:25

తమ్ముడూ, నీ శ్రద్ధ నాకు ఇష్టం. అయినా మూడు విషయాలు సరిచేయాలి, ఇంకెవరైనా చదివి ఇబ్బంది పడకూడదని.

బెల్లంలోనూ ఎక్కువ భాగం చక్కెరే. షుగరు ఉన్నవాళ్లకి రెండూ ఒకటే. గానుగ నూనె వాసన, రుచి బాగుంటాయి, నేనూ వాడతాను. కానీ ఏ నూనె అయినా 100 గ్రాములకి 900 కేలరీలే. సైంధవ లవణంలో మామూలుగా అయోడిన్ కలపరు. ఇంట్లో గర్భిణులు, పిల్లలు ఉంటే అయోడైజ్డ్ ఉప్పు మానకండి, తక్కువ వేయండి, అంతే. బీపీకి మంచిదని అమ్మే తక్కువ సోడియం ఉప్పులో పొటాషియం ఉంటుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, కొన్ని రకాల బీపీ మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడక్కుండా అది ముట్టుకోకూడదు. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వేసుకునేవాళ్లు ఆకుకూరలు ఒక్కసారిగా పెంచకూడదు, రోజూ ఒకే మోతాదులో తినాలి.

---

బ్రాడీపేట_4/7
జూన్ 20, రాత్రి 10:31

నర్సు అక్క మందుల సంగతి ఎత్తారు కాబట్టి మా ఇంట్లో జరిగింది రాస్తాను. ఇది చదివి ఒక్క కుటుంబమైనా జాగ్రత్త పడితే చాలు.

మా నాన్నకి పన్నెండేళ్లుగా షుగరు. గ్లిమిపిరైడ్ ఉన్న మాత్ర వేసుకునేవారు. నేను ఎక్కడో విని ఒక సోమవారం నుంచి ఆయనకి అన్నం పూర్తిగా ఆపేశాను. రాత్రి కొంచెం కొర్ర జావ, కీరదోస ముక్కలు. మాత్ర మాత్రం మామూలుగానే. గురువారం తెల్లవారుజామున నాలుగున్నరకి అమ్మ కేక వేసింది. వెళ్లి చూస్తే నాన్న బనీను తడిసిపోయి ఉంది, చేతులు వణుకుతున్నాయి, నా పేరు పిలవబోయి ఇంకేదో అంటున్నారు. మీటర్లో 52 చూపించింది. మెలకువలోనే ఉన్నారు కాబట్టి నీళ్లలో నాలుగు చెంచాల పంచదార కలిపి తాగించాం. పావుగంటకి 78 కి వచ్చింది. ఆ పావుగంటలో ఆయన కాళ్లు పట్టుకుని కూర్చున్నాను.

డాక్టరు గారు మాత్ర డోసు తగ్గించారు. తిండి మార్చడం మంచిదే, కానీ నాకు చెప్పి మార్చాలి అన్నారు. ఇప్పుడు నాన్న కొర్రన్నం తింటారు, కొద్దిగా దంపుడు బియ్యం అన్నమూ తింటారు, బాగున్నారు.

---

నర్సు_అక్క
జూన్ 21, ఉదయం 6:20

ఇలాంటివి వార్డులో చాలా చూశాను. షుగరుకి మెట్‌ఫార్మిన్ మాత్ర ఒక్కటే వాడితే ఇలా పడిపోవడం అరుదు. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్, ఇన్సులిన్ వాడేవాళ్లు మాత్రం అన్నం తగ్గించేముందు డాక్టరుకి చెప్పి తీరాలి. స్పృహ లేని మనిషి నోట్లో ఏమీ పోయకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

---

కొర్రల_ప్రేమి
జూన్ 21, ఉదయం 9:02

అన్నా, మీ నాన్నగారి సంగతి చదివాక మొదట్లో నేను రాసింది మళ్లీ చదువుకున్నాను. ఒక్క రోజులో అన్నీ ఆపేయమని ఇంక ఎవరికీ చెప్పను. మా పెద్దమ్మకి కూడా ఇన్సులిన్ ఉంది, ఆవిడకీ నేను అదే చెప్పాను. ఇప్పుడే ఫోన్ చేస్తున్నాను.

---

పటమట_అమ్మ
జూలై 13, సాయంత్రం 4:50

మూడు వారాల తర్వాత వస్తున్నాను. మొదటి పది రోజులు చాలా బాగా సాగింది. అత్తగారితో మాట్లాడాను. ఆవిడ ఏమీ అనలేదు, లోపలికెళ్లి పాత ఇత్తడి డబ్బా తీసి చింతపండుతో తోమడం మొదలుపెట్టారు. సున్నుండలు, నువ్వులుండలు, మొక్కజొన్న పొత్తులు, ఉడికించిన చిలగడదుంప, పెసరట్టు. బాబు మొదటి రెండు రోజులు అలిగాడు. మూడో రోజు నుంచి ఆ ఇత్తడి డబ్బా మూత చప్పుడు వింటేనే పరిగెత్తుకొస్తున్నాడు.

తర్వాత నేనే చతికిలబడ్డాను. రోజూ అయిదింటికి లేవడం, పప్పులు నానబెట్టడం, ఆకుకూర వలవడం, రాత్రి పిండి రుబ్బడం. అంతకుముందు ప్యాకెట్ చేసే పని మొత్తం నా చేతుల మీదకి వచ్చింది. జూలై మొదటి వారంలో ఆఫీసులో క్లోజింగ్ పని. ఒక రాత్రి తొమ్మిదింటికి ఇంటికొచ్చి, సింకులో తోటకూర కట్టలు వాడిపోయి ఉంటే చూసి, అక్కడే కూర్చుండిపోయాను. మరుసటి రోజు నూడుల్స్ తెచ్చాను. ఆ వారమంతా అవే.

ఎవరైనా ఇలా మధ్యలో ఆగిపోయి మళ్లీ మొదలుపెట్టారా?

---

కృష్ణలంక_గట్టు
జూలై 13, సాయంత్రం 6:15

ఇంట్లో నలుగురు తింటారు, పని ఇద్దరు ఆడవాళ్లు చేస్తున్నారు. మీ ఆయన ఏం చేస్తున్నారు తల్లీ? బీపీ ఎవరికి?

---

చద్దన్నం
జూలై 13, రాత్రి 8:40

కృష్ణలంక అమ్మగారు అడగాల్సింది అడిగారు. నేను మగవాడిని కాబట్టి మగవాళ్ల సంగతి చెబుతాను. మా ఆవిడ బతికి ఉన్నంత కాలం నేను గోంగూర వలిచి ఎరగను. ఆవిడ పోయాక డెబ్బైకి దగ్గరపడి నేర్చుకున్నాను. పుల్ల పట్టుకుని ఆకు కిందికి లాగితే నిమిషంలో ఒక కట్ట అవుతుంది. పక్కన ఇంకొకరు కూర్చుంటే మాటల్లో మూడు కట్టలు అవుతాయి. ఆ మాటలు ఆవిడ ఉన్నప్పుడే చెప్పుకుని ఉంటే బాగుండేదని ఈ రోజుకీ అనుకుంటాను. మీవారికి ఈ నా మాట చూపించమ్మా.

---

బ్రాడీపేట_4/7
జూలై 13, రాత్రి 10:05

అక్కా, ఆపేయకండి. మేం చేసే పద్ధతి చెబుతాను. ఆదివారం పొద్దున ఇక్కడ గుంటూరులో కొల్లి శారద మార్కెట్‌కి నేను, నాన్న వెళ్తాం. మీకు పటమట రైతుబజారు దగ్గరే ఉంది కదా. రాగానే ఆకుకూరలు వలిచి, కడగకుండా కాగితంలో చుట్టి డబ్బాలో పెడతాం. నాలుగు రోజులు వాడవు. కడిగి పెడితే రెండో రోజే కుళ్లిపోతాయి. శనగలు, అలసందలు, పెసలు ఒకేసారి నానబెట్టి, నీళ్లు వంపేసి, విడివిడి డబ్బాల్లో ఫ్రీజర్లో పెడతాం. నానినవి కాబట్టి అడిగినప్పుడు తీసి కుక్కర్లో వేయడమే. కంది పొడి, కరివేపాకు పొడి నెలకోసారి. అన్నంలో పొడి, నెయ్యి, పక్కన మజ్జిగ ఉన్న రోజు కూడా మంచి రోజే. ప్రతి రాత్రీ మూడు కూరలు ఉండాలని ఎవరూ అనలేదు.

---

హాస్టల్_312
జూలై 14, ఉదయం 7:30

అక్కా, నేనూ పరీక్షల వారంలో మళ్లీ కప్పు నూడుల్స్ తిన్నాను. తర్వాత మళ్లీ అటుకులకి వచ్చాను. ఇప్పుడు మా రూములో ముగ్గురం పెరుగు వంతులు వేసుకున్నాం. నా సందేహం ఒకటి: హాస్టల్ బయట బండి మీద పునుగులు తింటే అది ప్యాకెట్ కాదు కదా, పరవాలేదా?

---

నర్సు_అక్క
జూలై 14, సాయంత్రం 4:10

పిండి మంచిదే నాన్నా, అనుమానమల్లా నూనె మీదే. మళ్లీ మళ్లీ కాగిన నూనెలో చెడు పదార్థాలు పేరుకుంటాయి. టోటల్ పోలార్ కాంపౌండ్స్ అని కొలుస్తారు, అవి 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే దేశంలో ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ, పెట్టిన నియమం. నువ్వు కొలవలేవు కాబట్టి కంటితో చూడు. నూనె నల్లగా, చిక్కగా, నురగ కడుతూ, పొగ లేస్తుంటే వెనక్కి వచ్చేయి. వారానికోసారి శుభ్రమైన చోట తింటే తిను.

పటమట అమ్మగారూ, మీరు ఓడిపోలేదు. కాగితం ఇంకా ఫ్రిజ్ మీద ఉందా? ఉంటే ఆ వారం లెక్క కూడా రాయండి. 19 కంటే తక్కువే ఉంటుంది.

---

పటమట_అమ్మ
జూలై 14, రాత్రి 9:55

లెక్కేశాను అక్కా. నేను కూలబడిన వారం కూడా 9 దాటలేదు.

బాబాయ్ గారు రాసింది మావారికి చూపించాను. చాలాసేపు ఫోన్ పట్టుకుని అలాగే ఉన్నారు. ఆదివారం రైతుబజారు, ఆకులు వలవడం, పిండి రుబ్బడం తనవి అన్నారు.

---

పటమట_అమ్మ
ఆగస్టు 16, రాత్రి 8:20

శ్రావణ మాసం కదా, వాయనాలకి వెళ్లొచ్చిన ప్రతి ఇంటి నుంచీ నానబెట్టిన శనగలు. పోయిన ఏడాది సగం పారేశాను, చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఈసారి పేరంటం నుంచి రాగానే అత్తగారు అన్నీ ఒక గిన్నెలోకి పోసి, కుక్కర్లో ఉడికించి, ఆవాలు, ఎండుమిరప, కరివేపాకు, ఇంగువతో తాలింపు పెట్టి, పైన పచ్చి కొబ్బరి తురిమారు. బాబు తన ఫ్రెండ్స్ ఇద్దరిని పిలుచుకొచ్చాడు. ముగ్గురూ గడప మీద కూర్చుని పేపర్ ప్లేట్లలో తింటుంటే ఆవిడ తలుపు పట్టుకుని నిలబడి చూస్తూ ఉన్నారు. అందులో ఒక అబ్బాయి, "మామ్మా, ఇది ఏ షాపులో దొరుకుతుంది?" అని అడిగాడు. ఆవిడ ముఖం మీరు చూడాల్సింది.

మావారికి నిన్న బీపీ 134/86. మందు వేసుకుంటూనే ఉన్నారు, ఆపే ఉద్దేశం లేదు. ఆయన రుబ్బిన దోశ పిండి నాది కంటే మెత్తగా వస్తోంది. ఫ్రిజ్ మీద కాగితంలో ఈ వారం 3. రెండు బిస్కట్ ప్యాకెట్లు, ఒక సాస్ సాచెట్. మూడూ రాశాను, ఏదీ దాచలేదు.

---

కృష్ణలంక_గట్టు
ఆగస్టు 16, రాత్రి 8:52

మీ అత్తగారికి నా నమస్కారం చెప్పు తల్లీ. వచ్చే శుక్రవారం పటమట వైపు వస్తున్నాను, వీలైతే ఆవిడని చూడాలని ఉంది.

---

హాస్టల్_312
ఆగస్టు 16, రాత్రి 9:14

అక్కా, వచ్చే వారం ఇంటికి వెళ్తున్నాను. అమ్మకి నేనే చేసి పెడదామని. శనగలకి కుక్కర్ ఎన్ని విజిల్స్?

---

పటమట_అమ్మ
ఆగస్టు 16, రాత్రి 9:20

రాత్రంతా నానితే నాలుగు చాలు తమ్ముడూ. ప్రెషర్ దానంతట అదే పోనీ, తొందరపడి మూత తీయకు. ఒక గింజ వేళ్ల మధ్య నొక్కి చూడు, పొట్టు ఊడకుండా లోపల మెత్తగా నలగాలి. మా అత్తగారు ఉప్పు ఉడికాకే వేయమంటున్నారు.